పోయిన నాణెం ఇంట్లోనే ఉంది

(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

 

"పోగొట్టుకున్న ఆశల గురించి నాలుగు మాటలు చెప్పండి మేడం" అని సంఘం వాళ్లు అడిగినప్పుడు నాకు కొంచెం నవ్వొచ్చింది. నేను ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ని. పోయినవాటిని వెతకడమే నా ఉద్యోగంలో సగం. ఒకరి కంచం పోతుంది, ఒకరి సబ్బుపెట్టె పోతుంది, ఒకరి కుడికాలి చెప్పు పోతుంది. పొద్దున్నే వరండాలో పంచాయితీ. "ఎవరూ తియ్యలేదే, ముందు నీ మంచం కింద ఊడ్చి చూడు" అంటాను. నూటికి తొంభైసార్లు అక్కడే దొరుకుతుంది.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది కూడా అంతే. దీనికే కొంచెం వివరంగా మూడు సంగతులు చెబుతాను.

మొదటిది మా ఇంటి సంగతి.

మాది కూనవరం పక్క, శబరి గోదావరిలో కలిసే చోటికి దగ్గర్లో ఒక కోయ ఊరు. ఊరు ఉన్నచోటనే ఉంది కానీ జిల్లా పేరు మాత్రం మారుతూ వచ్చింది. నేను పుట్టినప్పుడు ఖమ్మం, 2014 తర్వాత తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు. ఆ 2022 జులైలోనే పెద్ద వరద. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. దాని మీద ఇంకో పద్దెనిమిది అడుగులు అంటే మీకు చెప్పక్కర్లేదు, మీలో చాలామంది గుట్టల మీద పట్టాల కింద తడిసినవాళ్లే. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. అమ్మమ్మ నన్ను చంకనేసుకుని గుట్ట ఎక్కడం ఒక్కటే గుర్తు.

2022లో నీళ్లు తీశాక సెలవు పెట్టి ఇంటికి వెళ్లాను. ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు. గోడల మీద నీటి గీత. బియ్యం మూటలు కుళ్లి వాసన. పారలతో మట్టి ఎత్తి బయట పోస్తున్నాం. మగవాళ్లు తలుపులు, మంచాలు బయటికి లాగుతున్నారు. అమ్మ మాత్రం ఒక మూల కూర్చుని, పొట్టి చీపురుతో, చేత్తో మట్టిని కొంచెం కొంచెంగా తీస్తోంది. పక్కన చిన్న దీపం. కరెంటు లేదు, ఆ మూల పగలు కూడా చీకటే.

"ఏం వెతుకుతున్నావమ్మా?" అన్నాను. మొదట చెప్పలేదు. మళ్లీ అడిగితే, "ట్రంకుపెట్టె మూత ఊడిపోయింది. మీ అమ్మమ్మ గజ్జెలు అందులో ఉన్నాయి" అంది.

నేను ఆశ్చర్యపోయాను. మాది ప్రార్థనకు వెళ్లే కుటుంబం. అమ్మమ్మ ఒకప్పుడు పండగల్లో రేల ఆడేదనీ, పాట ఎత్తుకుంటే నాలుగు ఊళ్ల ఆడవాళ్లు అందుకునేవాళ్లనీ విన్నాను. మందిరానికి రావడం మొదలుపెట్టాక ఆ గజ్జెలు పెట్టెలోకి వెళ్లిపోయాయి. వద్దని ఆమెకు ఎవరైనా చెప్పారో, ఆమే అనుకుందో నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరూ వాటి మాట ఎత్తగా నేను వినలేదు. అమ్మ వాటిని ఇన్నేళ్లు దాచిందని కూడా నాకు తెలియదు.

సాయంత్రానికి ఒక కాలి గజ్జెలు దొరికాయి. రెండో కాలివి దొరకలేదు. దొరికినవాటిని అమ్మ బిందెలో కడిగి, కొంగుతో తుడిచి, ఒకసారి ఆడించింది. మట్టి పట్టి చప్పుడు సరిగా రాలేదు. అయినా ఆమె ముఖం చూడాలి. పక్కింటి వాళ్లని పిలిచి చూపించింది. ఇల్లు కూలిన ఆవిడ కూడా వచ్చి చూసి నవ్వింది.

ఆ రాత్రి గుట్ట మీద పట్టా కింద పడుకుని నేను లూకా సువార్త 15వ అధ్యాయం గుర్తు చేసుకున్నాను. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో. అర్థమైంది మాత్రం ఆ రోజే.

రెండో సంగతి ఆ అధ్యాయం గురించే.

పన్ను వసూలు చేసేవాళ్లు, ఊరు వెలివేసినవాళ్లు యేసు దగ్గరికి వచ్చి కూర్చునేవారు. అది చూసి పెద్దమనుషులు సణిగారు. దానికి ఆయన వాదన పెట్టుకోలేదు, మూడు కథలు చెప్పాడు. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోవడం, పది వెండి నాణేల్లో ఒకటి పోవడం, ఇద్దరు కొడుకుల్లో ఒకడు ఇల్లు వదిలి వెళ్లడం. గొర్రె కథ, కొడుకు కథ మనకు బాగా వచ్చు. మధ్యలో ఉన్న ఆడమనిషి కథను మనం తొందరగా దాటేస్తాం.

ఆమె దగ్గర పది నాణేలు. ఒక్కో నాణెం కూలివాడికి ఒక రోజు కూలి. మన లెక్కలో ఒకరోజు ఉపాధి హామీ పని డబ్బులు అనుకోండి. ఉన్నవాళ్లకు అది లెక్కలోది కాదు. పది రోజుల కూలి తప్ప వేరే ఏమీ లేని మనిషికి అందులో ఒక రోజు పోవడం చిన్న సంగతి కాదు. ఆమె దీపం వెలిగించింది, ఇల్లు ఊడ్చింది, దొరికేదాకా జాగ్రత్తగా వెతికింది. దొరికాక చుట్టుపక్కల ఆడవాళ్లని పిలిచి సంతోషం పంచుకుంది. కథ అంతే.

చెల్లెళ్లూ, ఇందులో నాలుగు విషయాలు చూడండి.

ఒకటి. గొర్రె తప్పిపోతే అరుస్తుంది. కొడుకు ఆకలేస్తే ఇల్లు గుర్తుచేసుకుంటాడు. నాణెం అరవదు. తాను పోయానని దానికి తెలియదు. మన ఆశలు చాలావరకు ఇలాంటివే. చప్పుడు చేయకుండా పోతాయి. ఆరో తరగతిలో "నర్సునవుతా మేడం" అన్న పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ మాట అనడం మానేస్తుంది. ఏ రోజు మానేసిందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

రెండు. గొర్రె తనంతట తాను దారి తప్పింది. కొడుకు తనంతట తాను వెళ్లాడు. నాణెం మాత్రం ఇంకొకరి చేతిలోంచి జారింది. అంటే పోయినదంతా పోయినవాళ్ల తప్పు కాదు. మీలో కొందరి చదువు వరదలో పోయింది. కొందరిది నాన్న జబ్బుతో పోయింది. కొందరిది ఏ టీచరో, ఏ వార్డెనో అన్న ఒక్క మాటతో పోయింది. "నేను పనికిరాను కాబట్టే ఇలా అయింది" అని మీరు అనుకుంటున్నారు. ఆ కథ ప్రకారం అది నిజం కాదు.

మూడు. మట్టిలో పడ్డా నాణెం విలువ తగ్గలేదు. అది పోయినప్పుడు ఒక రోజు కూలి, దొరికినప్పుడూ ఒక రోజు కూలే. దుమ్ము పట్టింది, అంతే.

నాలుగు. అది ఇంట్లోనే ఉంది. ఆమె అడవికి వెళ్లలేదు, పట్నానికి వెళ్లలేదు. తాను రోజూ వండే ఇంట్లో, రోజూ పట్టుకునే చీపురుతోనే వెతికింది. ఆశ పోయినప్పుడు మనం ఏమనుకుంటాం? హైదరాబాద్ వెళ్తే దొరుకుతుందని, ఫోనులో ఎవరో చూపించే జీవితంలో ఉందని అనుకుంటాం. పట్నం వెళ్లొద్దని నేను అనడం లేదు. వెళ్లండి, చదవండి, ఉద్యోగం చేయండి. కానీ ఇంట్లో పోయినదాన్ని పట్నంలో వెతికితే దొరకదు.

ఇక మూడో సంగతి. ఇది నా తప్పు. చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. మీ ముందు మంచి మాటలు మాత్రమే చెప్పి వెళ్లిపోతే అది ప్రసంగం అవుతుంది, సాక్ష్యం కాదు. అందుకని చెబుతున్నాను.

ఆ వరద తర్వాత మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె తిరిగి రాలేదు. దసరా సెలవుల దాకా చూశాను. రెండుసార్లు ఫోన్ చేశాను, ఆ నంబరు పనిచేయలేదు. ఆమె పేరు ఎదురుగా ఎర్ర సిరాతో "దీర్ఘకాల గైర్హాజరు" అని రాశాను. పేరు తీసేశాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు బాధ కూడా కలగలేదు. హాజరు, డైట్ చార్జీలు, గుడ్ల లెక్క, గ్యాస్ సిలిండర్లు, జ్వరం వచ్చిన పిల్లలు. వీటి మధ్య ఒక పేరు తగ్గితే ఒక లెక్క సరిపోయింది, అంతే అనిపించింది.

నేను టీచర్ ట్రైనింగ్ చేసేటప్పుడు ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాను, "నా తరగతిలో ఏ పిల్లా వెనకబడిపోకూడదు" అని. ఇరవై ఏళ్ల వయసు, పెద్ద ఆశ. ఆ ఆశ ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ఎర్ర సిరాతో ఆ పేరు కొట్టేసిన రోజున కూడా పోయిందని తెలియలేదు. నాణెం అరవదు అని ఇందాక చెప్పానే, ముందు అది నా గురించే.

క్రిస్మస్ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ ఆ ఒంటికాలి గజ్జెలు మేకుకు తగిలించి ఉంచింది. వాటిని చూస్తుంటే ఆ పిల్ల గుర్తొచ్చింది. అమ్మ ఒక రోజంతా మట్టిలో వెతికింది గజ్జెల కోసం. నేను ఒక పిల్ల కోసం ఎన్ని రోజులు వెతికాను? రెండు ఫోన్లు.

సంక్రాంతి తర్వాత ఒక ఆదివారం వాళ్ల ఊరు వెళ్లాను. ఇంటికి తడిక కట్టి ఉంది. అందరూ మిరపకాయ కోతలకు వెళ్లారన్నారు. మేస్త్రి నంబరు తీసుకుని, రెండు బస్సులు, ఒక ఆటో మారి ఆ చేను దగ్గరికి వెళ్లాను. ఎర్రటి చేను, గట్టు మీద పట్టా గుడిసెలు. ఆ పిల్ల నన్ను చూసి మొక్కల వెనక్కి వంగి దాక్కుంది. పిలిస్తే వచ్చింది కానీ తల ఎత్తలేదు. చేతులు వెనక పెట్టుకుంది. కారానికి వేళ్లు మండుతున్నాయి.

నేను తిట్టలేదు, నీతులు చెప్పలేదు. ఏం చెప్పాలో తెలియక, "నీ మంచం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు" అన్నాను. అది అబద్ధం, ఇచ్చేశాను. ఆ పిల్ల ఏడ్చింది. "నా పేరు తీసేశారు కదా మేడం, నేను ఇంక ఎవరికీ అక్కర్లేదనుకున్నా" అంది. వాళ్ల నాన్న పక్కనే నిలబడి, "వరదలో పుస్తకాలన్నీ పోయినయి, మల్లీ కొనియ్యలేను, ఎట్ట పంపమంటారు?" అన్నాడు. ఆరు నెలలు ఒక కుటుంబాన్ని ఆపింది పుస్తకాల భయం. మాకు పుస్తకాలు ఉచితంగా వస్తాయి. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి ఎవరూ వెళ్లలేదు. వెళ్లాల్సింది నేను.

ఆ పిల్ల వచ్చింది. నేను కూడా ఆ మంచం గురించి నిజం ఒప్పుకున్నాను. నెల రోజులు ఇద్దరు పిల్లలు ఒక మంచం మీద సర్దుకున్నారు. పదో తరగతిలో ఆమెకు ర్యాంకులేమీ రాలేదు. లెక్కల్లో తప్పింది, సప్లిమెంటరీలో గట్టెక్కింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఇది పేపర్లో వేసే విజయగాథ కాదు. అయినా ఆ సప్లిమెంటరీ ఫలితం వచ్చిన రోజు హాస్టల్లో పాయసం వండించాను. చుట్టుపక్కల వాళ్లని ఎందుకు పిలిచిందో ఆ ఆడమనిషి, ఆ రోజు తెలిసింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. అదే ఏడాది మానేసిన మరో పిల్ల కోసం కూడా వెళ్లాను. నేను వెళ్లేసరికి పెళ్లి అయిపోయింది. పదిహేనేళ్లు. రెండో కాలి గజ్జెలు మాకు ఈ రోజుకీ దొరకలేదు. అమ్మ ఇప్పటికీ ఆ మూల ఊడ్చేటప్పుడు చీపురు నెమ్మదిగా వేస్తుంది. నేను కూడా ఆ పిల్ల ఊరి మీదుగా వెళ్లినప్పుడల్లా ఆగి పలకరిస్తాను. ఓపెన్ స్కూల్ ఫారం ఒకసారి ఇచ్చాను. ఇంకా నింపలేదు. మళ్లీ ఇస్తాను.

ఇప్పుడు అసలు మాట. ఆ కథలో వెతికేది మనమేనని నేను చాలాకాలం అనుకున్నాను. మళ్లీ చదవండి. యేసు ఆ కథ చెప్పింది దేవుడు ఎలాంటివాడో చెప్పడానికి. దీపం పట్టుకుని, చీపురు పట్టుకుని, వంగి మూలమూలా వెతికే ఆడమనిషితో దేవుణ్ణి పోల్చాడు. సింహాసనం మీద కూర్చున్న రాజుతో పోల్చలేదు ఇక్కడ. మన అమ్మలాంటి మనిషితో పోల్చాడు. నేను ఆ చేను గట్టు మీదికి వెళ్లకముందే ఆ పిల్ల కోసం ఒకరు వెతుకుతున్నారు. నా కోసం కూడా వెతుకుతున్నారు. నేను చీపురులో ఒక పుల్లని, అంతే. ఒక్క పుల్లతో ఇల్లు ఊడవదు. కట్టగా కడితే ఊడుస్తుంది. సంఘం అన్నా, సహవాసం అన్నా అదే.

ఇక్కడ ఉన్నవాళ్లలో మందిరానికి వచ్చేవాళ్లు ఉన్నారు, ఊరి వేల్పును కొలిచేవాళ్లు ఉన్నారు. నేను నా విశ్వాసం నుంచి మాట్లాడాను. కానీ మన అందరిదీ ఒకటే ఇల్లు, పోయింది కూడా చాలావరకు ఒకటే. మన మాటనే తీసుకోండి. దాదాపు నూట యాభై ఏళ్ల కిందట దుమ్ముగూడెంలో పనిచేసిన జాన్ కెయిన్ అనే మిషనరీ కోయ మాట నేర్చుకుని, కోయల గురించి, కోయ భాష గురించి రాశాడు. సముద్రం దాటి వచ్చినాయన మన మాట నేర్చుకున్నాడు. మనం భద్రాచలం బస్సు ఎక్కగానే మర్చిపోతున్నాం. నేనూ మర్చిపోయినదాన్నే. అమ్మమ్మ పాటల్లో ఒక్కటి కూడా నాకు పూర్తిగా రాదు. దేవుడికి తెలుగు, ఇంగ్లిషు మాత్రమే వచ్చని ఎవరైనా అనుకుంటే, వాళ్లు మా అమ్మమ్మ ప్రార్థన వినలేదన్నమాట. ఆమె కళ్లు మూసుకుంటే కోయలోనే మాట్లాడేది.

ముంపు ఊళ్ల పిల్లలు నన్ను ఒక ప్రశ్న అడుగుతారు. "మేడం, పోలవరం నీళ్లొస్తే ఊరే ఉండదు కదా, ఇంక ఏ ఇంట్లో వెతకమంటారు?" దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. మా ఊరికి కూడా అదే భయం. పరిహారం కోసం, భూమికి భూమి కోసం అడిగేవాళ్లు అడగాలి, కాగితాలు చదవగలిగిన మీరు ముందుండాలి. నేను చెప్పగలిగింది ఒకటే. వరద వస్తుందని తెలిసినప్పుడు ఇంట్లో తెలివైనవాళ్లు ముందు ఏం సర్దుతారు? మోయగలిగినవి, మళ్లీ దొరకనివి సర్దుతారు. పాట, మాట, అడవిలో ఏ ఆకు దేనికి పనికొస్తుందో ఆ తెలివి, పొలాల హద్దులు, పెద్దల పేర్లు. ఇవి మీ తలలో, మీ నోట్‌బుక్కులో, మీ ఫోనులో మోయగలరు. ఇప్పుడే సర్దండి.

అందుకని మీకు పెద్ద పెద్ద పనులు చెప్పను. చిన్నవి చెబుతాను.

ఈ రాత్రి ఒక కాగితం మీద రాయండి, నాలో ఏ ఆశ చప్పుడు చేయకుండా పోయిందని. దాన్ని ఎవరికీ చూపించక్కర్లేదు. అది దీపం వెలిగించడం. రేపటి నుంచి దానికోసం రోజుకు అరగంట, ఒకే పని చేయండి. తప్పిన సబ్జెక్టులో ఒక లెక్క, మిషను మీద ఒక కుట్టు, కానిస్టేబుల్ పరీక్షకు ఒక పరుగు. అది ఊడవడం. వారానికి ఒకసారి మీ అమ్మమ్మ దగ్గరో, పక్కింటి ముసలమ్మ దగ్గరో కూర్చుని ఒక పాట ఫోనులో రికార్డు చేసి, తెలుగు అక్షరాల్లోనే కోయ మాటలు రాసుకోండి. చివరగా, మీ ఊళ్లో బడి మానేసిన ఒక్క పిల్లని, ఒక్కరినే, పేరు పెట్టి అడగండి, ఎందుకు రావడం లేదని. రెండు ఫోన్లతో ఆపకండి. నాకు ఆ ఎర్ర సిరా ఇంకా కళ్ల ముందు ఉంది.

దొరికినప్పుడు ఎంత చిన్నదైనా నలుగురినీ పిలవండి. మన వాళ్లు బాధకు పిలవకుండానే వస్తారు. సంతోషానికి కూడా పిలవడం నేర్చుకుందాం.

అమ్మ ఆ గజ్జెలు ఈ రోజు నాతో పంపింది. ఒక కాలివే ఉన్నాయి. సాయంత్రం రేల ఆట ఉంది కదా, మన చెల్లెళ్లలో ఎవరైనా కట్టుకోండి. మట్టి పోయింది, చప్పుడు బాగానే వస్తోంది.

 జై ఆదివాసీ.